ఎల్లారెడ్డి పట్టని గడి

దరఖాస్తులో మీరు పేరు, ఊరు, మండలం టైపు చేసే గడిని నేను. 1995 నవంబరులో వెలువడిన, వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలో నా పేరు ఇన్‌పుట్. నేనేం చేయాలో అందులో రాశారు, ఎలా కనిపించాలో రాయలేదు. ఆ పని బ్రౌజర్లకు వదిలేశారు. అందుకే క్రోమ్‌లో ఒక తీరుగా, ఫైర్‌ఫాక్స్‌లో మరో తీరుగా ఉంటాను. ఐఫోన్ సఫారీలో నా మూలలు గుండ్రమవుతాయి. రంగు, అంచు మారితే నాకు బాధ లేదు. కొలత మారితేనే మనిషికి నష్టం.

దీనికి రుజువు 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలోనే ఉంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి, మాచారెడ్డి, నాగిరెడ్డిపేట: అన్నిటా డకారం కింద వత్తు. ఎల్లారెడ్డికి లకార వత్తు అదనం. ఇంగ్లిషు అక్షరాలను చూసుకుని నా ఎత్తును పిక్సెళ్లలో బిగిస్తే ఆ వత్తులు కింది అంచు దగ్గర తెగిపోతాయి. 'ఎల్లారెడ్డి' కాస్తా 'ఎలారెడి' అవుతుంది. పైగా పేజీకి పెట్టిన ఫాంటు, చెప్పనిదే నాకు రాదు. పాత విండోస్ గౌతమి ఫాంటును తెస్తుంది, కొత్తది నిర్మలను, ఆండ్రాయిడ్ నోటోను. వత్తు ఎంత కిందికి దిగుతుందన్నది ఒక్కో ఫాంటుకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒకచోట సరిపోయిన ఎత్తు ఇంకోచోట చాలదు. పేజీ ఫాంటునే నాకూ ఇచ్చి, లైన్-హైట్ (వరుస ఎత్తు) పెంచి, ఎత్తు బిగించకుండా ప్యాడింగ్‌తో (అంచు లోపలి ఖాళీతో) చోటిస్తే ఈ చిక్కు తీరుతుంది. వెడల్పుదీ ఇదే కథ. నాకూ, పక్కన జిల్లా ఎంచుకునే గడికీ ఒకే అంకె ఇచ్చినా సమానంగా రాము. నా లెక్కలో అంచు, ప్యాడింగ్ కలవవు, దాని లెక్కలో కలుస్తాయి. ఇద్దరికీ బోర్డర్-బాక్స్ అని రాస్తే సరి. అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గితే, నన్ను తాకగానే ఐఫోన్ పేజీ మొత్తాన్ని పెద్దది చేస్తుందన్నది కూడా మరవకూడదు.

ఎవరి బ్రౌజర్‌కు వారు అలవాటుపడ్డారు కదా, ఒకేలా ఎందుకని అడగవచ్చు. కామారెడ్డి మీసేవ కేంద్రంలో కంప్యూటర్‌పై నింపిన పేరునే ఎల్లారెడ్డి రైతు తన ఫోన్లో సరిచూసుకోవాల్సి రావచ్చు. ఇద్దరికీ అదే పేరు, వత్తుతో సహా, కనపడాలి. అలాగని బ్రౌజర్ ఇచ్చే రూపాన్ని (అపియరెన్స్‌ను) తీసేసి అన్నిటినీ ఒకే అచ్చులో పోయమనను. టిక్కు గడికి రంగు మార్చే యాక్సెంట్-కలర్ చాలు, తేదీకి ఫోన్ క్యాలెండరే మేలు. కీబోర్డుతో గడి నుంచి గడికి వెళ్లేవారికి దారి చూపే అవుట్‌లైన్‌ను (చుట్టుగీతను) మాత్రం ఎన్నడూ తీయొద్దు.

ఫారం తయారుచేసేవారికి నా విన్నపం ఒకటే. పరీక్షించేటప్పుడు నాలో 'టెస్ట్' అని కాక, 'ఎల్లారెడ్డి' అని తెలుగులో టైపు చేసి, ప్రతి బ్రౌజర్‌లోనూ చూడండి.