తరువాయి భాగం తక్షణమే

‘మొగలిరేకులు’ సీరియల్ 2008లో మొదలై 2013లో ముగిసింది. ఆ మధ్యకాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ని ముగ్గురు ముఖ్యమంత్రులు ఏలారు. మా పుట్టింటి వీధిలో ఆడపిల్లలు పెళ్ళిళ్ళయి వెళ్ళారు, పురుళ్ళకి వచ్చారు, ఆ పుట్టినవాళ్ళు యూనిఫాం వేసుకుని బడికి వెళ్ళొచ్చి అమ్మమ్మల పక్కన కూర్చుని అదే సీరియల్ చూశారు. అంత నింపాదిగా నడిచిన కథని మా అమ్మ ఈ వేసవిలో తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చి, మా హాల్లో దివాను మీద కూర్చుని ఊదిపారేస్తోంది.

రిమోట్‌లో మైకు ఉంటుందని నేర్పింది మా అమ్మాయి. అమ్మ దాన్ని నోటి దగ్గర పెట్టుకుని “మొగలిరేకులు నాలుగొందల పన్నెండో భాగం పెట్టమ్మా” అంటుంది. యంత్రాన్నయినా సరే, ‘అమ్మా’ అనకుండా పని చెప్పడం ఆవిడకి రాదు. ఒకోసారి ఆ యంత్రానికి మొగలిరేకులు వినపడక మొగలాయి పరాటా ఎలా చెయ్యాలో చూపిస్తుంది. అమ్మ అది కూడా ఆఖరిదాకా చూసి, “ఇంత నూనె పడుతుందా!” అని నిట్టూర్చి, మళ్ళీ మొదటినుంచి అడుగుతుంది.

నేనొకరోజు ఉండబట్టలేక లెక్క కట్టాను. రోజూ వచ్చే సీరియల్‌కి అరగంట కేటాయిస్తారు కానీ ప్రకటనలు తీసేస్తే మిగిలేది ఇరవై నిమిషాల పైచిలుకు. వెయ్యి ఎపిసోడ్లున్న సీరియల్ అనుకుంటే 333 గంటలు. తిండీ నిద్రా మానేసి కూర్చుంటే దాదాపు 14 రోజులు. మొగలిరేకులు వెయ్యి దాటింది. ఈ లెక్క అమ్మకి చెబితే ఆవిడ ఏమాత్రం కంగారు పడకుండా “అంతేనా?” అంది. ఆ ‘అంతేనా’ విన్నాక మా ఆయన ఏసీ బిల్లు గురించి ఎత్తబోయిన మాట నోట్లోనే ఉండిపోయింది.

అసలు ఆ సీరియళ్ళని ఇలా వరసపెట్టి చూడమని ఎవరూ తియ్యలేదు. అవి సాయంత్రం వంటకి తోడుగా పుట్టినవి. పోపు పెట్టేటప్పుడు ఒక మాట వినపడకపోయినా నష్టం లేకుండా అదే మాట ఇంకో ఇద్దరి చేత అనిపిస్తారు. అందులో ఉరుము ఉరిమిందంటే ‘గరిటె పక్కన పెట్టి పరిగెత్తుకు రా’ అని అర్థం. అత్తగారి మొహం మూడుసార్లు దగ్గరికి వచ్చేది, కుక్కరు కట్టేసి హాల్లోకి చేరడానికి అంత సమయం పడుతుంది కాబట్టి. శుక్రవారం ఎపిసోడ్ మరీ కొండ అంచున ఆగేది, శని ఆదివారాలు రెండూ దాని మీదే గడవాలి కనుక. ఇప్పుడు వంటా లేదు, శనాదివారాలూ లేవు. కొండ అంచున ఆగినవాడు పది సెకన్లలో ఇంటికొచ్చి కాఫీ తాగుతున్నాడు. నిన్నటి కథ అని రెండు నిమిషాలు చూపిస్తారు కదా, ఆ ‘నిన్న’ ఇప్పుడు క్షణం కిందటే జరిగింది. అమ్మ టీవీకి జవాబు చెబుతుంది: “ఇందాకేగా చూశాం నాయనా, నాకింకా అంత మతిమరుపు రాలేదు.”

మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది. దానికి లోకంలో ఏదీ మామూలు వేగంలో చూసే అలవాటు లేదు, పాఠాలతో సహా. ఒకరోజు అమ్మమ్మ పక్కన చేరి ఒకటిన్నర వేగంలో పెట్టింది.

“ఎందుకే అంత తొందర? బస్సేమన్నా తప్పిపోతుందా?” అంది అమ్మ.

“చూడు అమ్మమ్మా, ఇప్పుడే మామూలు మనుషుల్లా నడుస్తున్నారు.”

నిజమే. మెట్లు దిగడానికి ఒక ప్రకటనల విరామం తీసుకునే కోడలు ఒకటిన్నర వేగంలో మనలాగే దిగింది. ఆర్కే నాయుడు జీపు దిగి నల్లకళ్ళద్దాలు తీసేసరికి కాస్త తుంటరిగా కనిపించాడు, అంతే. అయితే అమ్మ ఒప్పుకోలేదు. పోలీసాఫీసరన్నాక ఆ మాత్రం నింపాది ఉండాలట.

ఆవిడకి కోపం తెప్పించింది ఇంకొకటి. అదేపనిగా నాలుగైదు ఎపిసోడ్లు ఆడాక తెర ఆగిపోయి, ‘మీరింకా చూస్తున్నారా?’ అని అడుగుతుంది కదా, అది ఆవిడకి మర్యాదగా అనిపించలేదు. ఇంటికొచ్చిన మనిషిని ‘ఇంకా తింటున్నారా’ అని అడిగినట్టుందిట. “చూడకపోతే వెలుగులో కళ్ళు పొడుచుకుంటూ ఎందుకు కూర్చుంటానూ?” అని దాన్ని నిలదీసింది. జవాబు రాలేదు. అల్లుడి ముందు పరువు పోతుందని నన్నే పిలిచి నొక్కించింది.

ఆ అల్లుడుగారి పరువు గురించి చెప్పాలంటే ‘మహాభారత్’ దగ్గరికి వెళ్ళాలి. బి.ఆర్. చోప్రా తీసింది, 1988 అక్టోబర్ 2 నుంచి 1990 జూన్ 24 దాకా ఆదివారం ఉదయాలు దూరదర్శన్‌లో వచ్చింది, 94 ఎపిసోడ్లు. మా ఆయనది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. యాంటెన్నా తిప్పిన కథలు నలభై దాటిన ప్రతివాడూ చెప్పేశాడు కనుక అవి వదిలేస్తాను. ఆ ఊళ్ళో అసలు చిక్కు భాష. టీవీ ఉన్న ఇంటి ముందు ఊరంతా కూర్చునేది, హిందీ ఒక్కరికీ రాదు. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వారి మధ్యమ పరీక్ష పాసైన కుర్రాడొకడు మాత్రం ఉండేవాడు. ఆదివారం పూట అతనికి కుర్చీ వేసేవారు. మిగతావాళ్ళంతా చాప.

కుర్రాడి పని అనుకున్నంత తేలిక కాదు. ఆ సంభాషణలు రాసిన రాహీ మాసూమ్ రజా సంస్కృతం దండిగా దట్టించారు. ‘పితాశ్రీ’, ‘భ్రాతాశ్రీ’ అంటుంటే చాప మీద ముసలాయన కూడా తలూపేసేవాడు. సగం జనానికి అర్థమైపోతుంటే అనువాదకుడికి కుర్చీ నిలబడదు కదా. అందుకని అతను అర్థంకాని చోట కూడా గొంతు పెంచి ధైర్యంగా చెప్పేసేవాడు. గూఫీ పేంటల్ శకునిగా ఒక కాలు ఈడుస్తూ వచ్చి నిమిషంసేపు మాట్లాడితే, మన కుర్రాడు “మళ్ళీ ఏదో ప్లాను వేస్తున్నాడు” అని ఒక్క ముక్కలో తేల్చేవాడు. ఊరికి ఆ ముక్క చాలు.

ఇప్పుడు మా ఆయన రాత్రి భోజనాలయ్యాక ఆ మహాభారత్‌ని మళ్ళీ మొదలుపెట్టారు, కింద ఇంగ్లీషు అక్షరాలతో. శకునికి తన చెల్లెలి బతుకు గురించీ, హస్తినాపురం మీద తన కక్ష గురించీ ఇంత చెప్పుకోవాల్సింది ఉందని ఈ వయసులో తెలిసింది. ఆ ఆవిష్కరణ తట్టుకోలేకపోతున్నారు. “వాడు మనకి సగం భారతమే చెప్పాడే!” అని ఆ కుర్రాణ్ణి ఇప్పటికీ తిట్టుకుంటున్నారు. నాకైతే ఆ కుర్రాడిదే గొప్ప సంక్షేపం అనిపిస్తుంది, కానీ నేనా మాట అంటే భోజనం దగ్గర సంధి చెడుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ సీరియల్లో కాలపురుషుడు వచ్చి హరీశ్ భిమానీ గొంతుతో ధర్మసూక్ష్మాలు చెబుతుంటాడు. వారానికి ఒక్కసారైతే గంభీరంగా ఉండేది. ఒకే రాత్రి మూడు ఎపిసోడ్లు చూసేవాళ్ళకి ఆయన మాటిమాటికీ వచ్చి పలకరించే చుట్టమైపోయాడు. కాలానికే ఇంత తీరిక ఉంటే మనకేం తొందర అని మా ఆయన నాలుగోది కూడా పెడతారు.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడిది వేరే మతం. వాడు ‘అమృతం’ పెట్టుకుని అంట్లు తోముతాడు. 2001లో గుణ్ణం గంగరాజు మొదలుపెట్టిన ఆ సీరియల్ 2007 దాకా జెమినీలో ఆదివారం రాత్రుల్ని ఆక్రమించుకుంది. అమృతరావుగా మొదట శివాజీరాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్ వచ్చారు. ఆ రోజుల్లో మనిషి మారినప్పుడల్లా ఒక వారం గొణుక్కునేవాళ్ళం, రెండోవారం అలవాటు పడేవాళ్ళం, మూడోవారానికి ఇతనే బావున్నాడని వాదించేవాళ్ళం. ఇప్పుడు మా తమ్ముడు ఒక గిన్నె తోమి ఇంకో గిన్నె అందుకునేలోగా అమృతరావు మొహం మారిపోయింది. ఇంట్లో ఒక్కరూ ‘నువ్వెవరు’ అని అడగరు. భార్య సంజీవని అడగాలి నిజానికి. కానీ ఆ పాత్రలోనూ మనుషులు మారారు కనుక ఆవిడకా హక్కు లేదు. అంజి మాత్రం మారలేదు. ఆ పాత్ర వేసిన గుండు హనుమంతరావు 2018లో పోయారు. తమ్ముడు మాత్రం ఆయన తెర మీదికి రాగానే సబ్బు చేతులతోనే నవ్వుతాడు. ‘పాటను దాటవేయి’ అనే మీట అమృతానికి ఎవడైనా నొక్కితే వాడు తెలుగువాడు కాదని వాడి అభిప్రాయం.

ఇలా రెండు కొంపల్లో మూడు రకాల పాత సీరియళ్ళు నడుస్తుండగా నాకర్థమైంది ఏమిటంటే, ఆ రోజుల్లో మనం చూసింది తెర మీద కథ సగమే. మిగతా సగం గుమ్మాల్లో, కుళాయిల దగ్గర, బస్సుల్లో తయారయ్యేది. ఫోన్లలో మొదటి సగం పదిలంగా దొరుకుతోంది. రెండో సగాన్ని ఎవరూ రికార్డు చెయ్యలేదు. ఇది మా అమ్మ చేసిన ఒక దర్యాప్తులో బయటపడింది.

2012 సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కరెంటు కోతలు. మొగలిరేకులు మొదలయ్యే వేళకి సరిగ్గా మా పుట్టింటి వీధిలో కరెంటు పోయేది. వీధి మొత్తానికి ఇన్వర్టరు ఉన్నది పక్కింటి పిన్నిగారికే. అయితే ఆవిడ ఎవర్నీ లోపలికి పిలిచేది కాదు. మనుషులు పెరిగితే రెండో ఫ్యాను వెయ్యాలి, బ్యాటరీ దిగిపోతుంది. అందుకని తనొక్కతే చూసి, అయ్యాక వీధరుగు మీద కూర్చుని వీధికంతా చెప్పేది. ఆవిడ చెబుతుంటే దోమలు కూడా కుట్టడం మానేసేవని మా అమ్మ అంటుంది. ముఖ్యంగా ఒక కథనం: ఆర్కే నాయుడు ఒక దుర్మార్గుణ్ణి నడిబజార్లో గల్లా పట్టుకుని, నలుగురిలో వాడి గుట్టంతా విప్పి, వాడి చేత వాళ్ళమ్మ కాళ్ళు పట్టించాడు. అరుగు కింద ఇద్దరు ఏడ్చారట.

ఆ ఘట్టం కోసమే అమ్మ ఈ సీరియల్ మళ్ళీ మొదలుపెట్టింది. కరెంటు పోయినందువల్ల కళ్ళారా చూడలేకపోయిన ఆ ఒక్కటీ చూడాలని. ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ గడిచింది. బజారు వచ్చింది, గల్లా రాలేదు. దుర్మార్గుడికి అసలు తల్లే ఉన్నట్టు లేదు. వెనక్కి తిప్పింది, ముందుకి తిప్పించింది, మనవరాలి చేత వెతికించింది. చివరికి ఫోను తీసి తెనాలి చేసింది, స్పీకర్లో పెట్టి.

“పిన్నిగారూ, నడిబజార్లో గల్లా పట్టుకున్నాడన్నారు కదా. మొత్తం గాలించాను. ఆ ముక్కే లేదు.”

“ఉండదమ్మా,” అన్నారు పిన్నిగారు, ఏమాత్రం తడుముకోకుండా. ఎనభై దాటినా గొంతులో జీర లేదు. “ఆ రోజు మా ఇన్వర్టరు కూడా సగంలోనే ఆగిపోయింది.”

“మరి కథంతా చెప్పారు?”

“అరుగు ముందు అంతమంది వచ్చి కూర్చుంటే నాకూ తెలియదని ఎలా చెప్పమంటావు?”

కాసేపు అమ్మ ఏమీ మాట్లాడలేదు. టీవీలో ఆర్కే నాయుడు జీపు దిగబోతూ ఆగిపోయి ఉన్నాడు, ఒక కాలు నేల మీద, ఒక కాలు లోపల.

“అలా ఎన్నిసార్లు ఆగింది పిన్నిగారూ?”

“ఎండాకాలం మొత్తం ఆగిందమ్మా. బ్యాటరీ మార్పించమంటే మీ బాబాయిగారు వింటేగా.”

అమ్మ నా వైపు చూసి, టీవీ కట్టెయ్యమని చేత్తో సైగ చేసి, దివాను మీద కాళ్ళు ముడుచుకుని సర్దుకుని కూర్చుంది. “సరే గానీ, వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకున్నాక వాడేమన్నాడో ఆ రోజు మీరు చెప్పబోతుంటే మా వంటింట్లో పాలు పొంగాయి. అక్కణ్ణించి చెప్పండి.”