పెళ్ళిచూపుల పూట

అబ్బాయి తరఫువాళ్ళు ఉన్నంతసేపూ చంటోణ్ణి పెరటి గదిలోనే ఉంచాలని ముందు రోజు రాత్రే తేల్చేశారు. "వీణ్ణి చూసి సంబంధం తప్పిపోతే ఆ పిల్ల గతేంటే?" అంది అత్తగారు. కోడలు బదులు చెప్పలేదు.

చంటోడికి ఆరేళ్ళు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. కుక్కర్ విజిల్ వేస్తే మాత్రం రెండు చెవులూ మూసుకుని మంచం కిందికి దూరిపోతాడు. బిస్కెట్ కావాలంటే వేలు పెట్టి చూపించడు. అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, ఆ చేతినే డబ్బా మీద పెడతాడు. చూసేవాళ్ళకు మొండితనంలా ఉంటుంది కానీ, వాడి అడగడం అదే. ఆటిజం అంటే మెదడు ఎదిగే తీరులోని తేడా అనీ, పెంపకానికి దీంతో సంబంధం లేదనీ డాక్టరు విడమరిచి చెప్పాడు. ఇంట్లో మాత్రం "తల్లి ఫోన్లో పడి వాడితో మాట్లాడలేదు" అన్న మాట ఆగలేదు.

పక్కింటిదాన్ని గనక చనువు కొద్దీ నేనూ చెప్పి చూశాను. 1943లో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతోనే ఆటిజం లోకానికి తెలిసింది. అందులో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. నాలుగేళ్ళు నిండకముందే డాక్టర్ల మాట విని కన్నవాళ్ళు అతణ్ణి దూరంగా ఒక సంస్థలో చేర్చారు. ఏడాది తిరిగేసరికి ఉండబట్టలేక ఇంటికి తెచ్చేసుకున్నారు. మిసిసిపీలోని ఫారెస్ట్ అనే ఆ చిన్న ఊళ్ళోనే అతను బ్యాంకులో పనిచేశాడు, కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు. 2023లో 89 ఏళ్ళ వయసులో పోయాడు. దాచని పిల్లాడు ఊళ్ళో మనిషయ్యాడు.

"అది అమెరికా తల్లీ," అంది పెద్దావిడ.

చూపులు బాగానే జరిగాయి. ఒక్కడే కొడుకు, బాదరబందీ లేని ఇల్లు అని మధ్యవర్తి మళ్ళీ మళ్ళీ చెప్పాడు. "ఇంట్లో చిన్నపిల్లలు లేరా?" అని అబ్బాయి తల్లి అడిగింది.

"మనవడున్నాడమ్మా. వాళ్ళ అమ్మమ్మగారింటికి పంపించాం."

కోడలి చేతిలో కాఫీ గ్లాసులు చప్పుడు చేశాయి.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర అందరూ ఆగిపోయారు. తలో చోట విడిచిన చెప్పులన్నీ అరుగు మీద బారుగా ఉన్నాయి. ఎడమ కాలివన్నీ ఒక వరస, కుడి కాలివన్నీ ఒక వరస. పెద్దవాటితో మొదలై చిన్నవాటి దాకా, మడమలన్నీ గచ్చు అంచుకు ఆనించి. చివర్లో చంటోడు గొంతుక్కూర్చుని ఒక పట్టీ సరిచేస్తున్నాడు. పెరటి గది గడియ ఎప్పుడు తీసుకున్నాడో ఎవరూ చూడలేదు.

"పనిమనిషి కొడుకమ్మా..." అనేసింది పెద్దావిడ.

"నా కొడుకండీ," అంది కోడలు, ముందుకొచ్చి.

అబ్బాయి తల్లి చెప్పులేసుకోలేదు. ఆ వరస కదలకుండా, వాడికి కాస్త ఎడంగా అరుగు మీద కూలబడింది. భర్త ఏదో అనబోతే చేత్తో ఆపింది.

"మా చిన్నవాడూ అచ్చం ఇలాగే పేరుస్తాడండీ," అంది. "ఇరవై రెండేళ్ళు. గదిలో పెట్టి బయట గొళ్ళెం వేసి వచ్చాం."