మండలం దాటితే మార్చాల్సిందే

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళకు దీక్ష 41 రోజులు. విండోస్ మాల వేసుకున్నవాళ్ళకు 42. ఆ దీక్ష చివర శబరిమల ఉంది, తిరిగొచ్చాక కాళ్ళకు చెప్పులున్నాయి, పడుకోవటానికి మంచముంది. ఈ దీక్ష చివర ఏమీ లేదు. నలభైరెండో రోజున పాత పాస్‌వర్డ్, కొత్త పాస్‌వర్డ్, మళ్ళీ కొత్త పాస్‌వర్డ్ అంటూ మూడు గళ్ళు నింపితే ఆ పూటే రెండో మండలం మొదలవుతుంది.

ఆఫీసుల సంగతి నేను మాట్లాడటం లేదు. అక్కడ వేలమంది పనిచేస్తారు, మానేసి పోయినవాడి అకౌంటు మూయటం ఎవరో మరిచిపోతారు, ఆడిట్‌కు వచ్చినవాళ్ళకు చూపించటానికి ఏదో ఒక కాగితం ఉండాలి. జీతం ఇస్తున్నారు గనక పాస్‌వర్డ్ మార్చమన్నా మారుస్తాం, మెడలో ట్యాగు తగిలించుకోమన్నా తగిలించుకుంటాం. నా గొడవంతా ఇంట్లో కంప్యూటర్ గురించి. హాల్లో టీవీకీ దేవుడి గూటికీ మధ్య, అల్లిన గుడ్డ కప్పుకుని కూర్చునే పెట్టె గురించి. దాని ముందు కూర్చునేవాళ్ళు ముగ్గురే: మాస్టారు, వారి భార్య, ఆదివారం వచ్చే మనవరాలు. నాలుగోవాడు రావాలంటే వీధి గేటు, ఇనప గ్రిల్లు, టేకు తలుపు దాటాలి. అన్ని దాటినవాడు పాస్‌వర్డ్ ఊహిస్తూ కూర్చోడు, పెట్టెనే చంకన పెట్టుకుపోతాడు.

మాస్టారంటే ఎవరో అని వెతక్కండి. ప్రతి వీధిలోనూ ఉంటారు. రిటైర్డ్ లెక్కల మాస్టారు. పింఛను పడిందో లేదో చూసుకోవటం, కరెంటు బిల్లు కట్టటం, నవంబరు వస్తే జీవన్ ప్రమాణ్, రాత్రి తొమ్మిదింటికి డాలస్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్. పెట్టెతో ఆయనకున్న పని అంతే. దాన్ని అసెంబుల్ చేసి తెచ్చిన కుర్రాడు నల్ల కిటికీ తెరిచి, టకటకా ఏదో కొట్టి, అకౌంటు చేసిపెట్టి, టీ తాగి వెళ్ళిపోయాడు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తీరిగ్గా చేసి ఉంటే మామూలుగా ఈ గడువు గొడవ ఉండేది కాదు. కమాండ్‌తో పుట్టించిన అకౌంటుకు మాత్రం 42 రోజుల జాతకం పుట్టుకతోనే వస్తుంది.

గడువుకు అయిదు రోజుల ముందు నుంచీ తెర మూల నుంచి ఒక చీటీ తొంగి చూస్తుంది. మాస్టారు దాన్ని ప్రకటన అనుకుని మూసేస్తారు. తర్వాత ఒక రాత్రి, సరిగ్గా తొమ్మిదింటికి, లోపలికి పోనివ్వకుండా ఆపేస్తుంది.

"ఏవండీ, అబ్బాయి ఎదురుచూస్తుంటాడు. తెరవండి."

"తెరవనివ్వటం లేదే. కొత్తది పెట్టమంటోంది."

"ఏదో ఒకటి పెట్టేయండి!"

ఆవిడ అన్న ఆ చివరి మాట దగ్గరే ఈ నియమం తేలిపోయింది. బలమైన పాస్‌వర్డ్ కోసం పెట్టిన గడువు, పాస్‌వర్డ్ పుట్టే వేళను మాత్రం కాల్ ఆగిపోయిన ఆ అరనిమిషానికి ముడిపెట్టింది. ఆ అరనిమిషంలో పుట్టేది ఏదో ఒకటే.

మాస్టారు లెక్కల మనిషి గనక శ్రీరామ@1ని శ్రీరామ@2 చేస్తారు. అంకశ్రేఢి, పదాంతరం 1. పక్కవాటా తెలుగు పండితులు పండగలను నమ్ముకున్నారు: సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి. ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో మార్పులు, మన పంచాంగంలో అంతకు మించే ఉన్నాయి పండగలు, ఆయన్ని తిథి అడిగితే పాస్‌వర్డ్ చెప్పినట్టే. మాస్టారి భార్య ఏ సిద్ధాంతాన్నీ నమ్మరు. పాలవాడు రాని రోజుకు సున్నా చుట్టే పెన్సిల్ తీసుకుని, గోడ క్యాలెండర్‌లో గ్యాస్ బండ వచ్చిన తేదీ పక్కనే కొత్త పాస్‌వర్డ్ రాసిపెడతారు. పాతదాన్ని అడ్డంగా కొట్టేస్తారు, చూసేవాళ్ళు పొరబడకుండా.

ఇదంతా నేను కట్టిన కథ అనుకునేవాళ్ళకు ఒక లెక్క. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం తన చాపెల్ హిల్ ప్రాంగణంలో మూడు నెలలకోసారి అందరిచేతా పాస్‌వర్డ్‌లు మార్పించేది. వాడుకలో లేని పదివేలకు పైగా అకౌంట్ల పాత పాస్‌వర్డ్‌ల వరసలు తీసుకుని యింకియాన్ ఝాంగ్, ఫేబియన్ మన్‌రోజ్, మైకేల్ రైటర్ అనే ముగ్గురు పరిశోధకులు 2010లో పరీక్షించారు. వాళ్ళ ప్రశ్న ఒకటే: పాత పాస్‌వర్డ్ తెలిసినవాడికి కొత్తది పట్టుకోవటం ఎంత పని? దొంగిలించిన పాస్‌వర్డ్ ఫైలు ముందు పెట్టుకుని తన కంప్యూటర్లో విప్పుకునేవాడికైతే 41 శాతం మూడు సెకన్లలో దొరికిపోయాయి. లాగిన్ తెర ముందు కూర్చుని ఊహించేవాడికైనా 17 శాతం అకౌంట్లు అయిదు ప్రయత్నాల లోపే తెరుచుకుంటాయి. శ్రీరామ@6 తెలిసినవాడు శ్రీరామ@7 కోసం తపస్సు చేయక్కర్లేదన్న సంగతి, మాస్టారి క్లాసులో మొదటి బెంచీ వాడు చెప్పేసేవాడే.

సరే, దొంగ వైపు నుంచీ చూద్దాం. పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కలేదనుకోండి, మార్చటం దండగ. చిక్కింది, మనకు తెలిసింది అనుకోండి, ఆ క్షణమే మారుస్తాం, గడువు కోసం కూర్చోం. ఇక మిగిలింది మూడోది: చిక్కింది, మనకు తెలియదు. గడువు పనికొచ్చే చోటు ఇదొక్కటే. ఇక్కడ కూడా లెక్క వేస్తే, ఏ రోజు చిక్కిందో తెలియదు గనక దొంగకు సగటున 21 రోజులు మిగులుతాయి. బ్యాంకు ఖాతా ఊడ్చటానికి వాడికి ఇరవయ్యొక్క నిమిషాలు చాలు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయట. ఈ కుక్క అంతకన్నా క్రమశిక్షణ గలది: దొంగలు పడ్డా పడకపోయినా నలభైరెండు రోజులకోసారి ఇంటి యజమాని మీదే మొరుగుతుంది.

మరి ఇంత తెలివైన ఏర్పాటు ఎక్కడిది? 1985లో అమెరికా రక్షణ శాఖ పాస్‌వర్డ్‌ల మీద ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒకటి వేసింది. టెలిఫోన్ లైను మీద, ఒకదాని తర్వాత ఒకటిగా అన్ని పాస్‌వర్డ్‌లూ ప్రయత్నించటానికి దొంగకు ఎంతకాలం పడుతుందో లెక్కగట్టి, ఈలోగా మార్చేయండి అంది. ఏ పాస్‌వర్డూ ఏడాది దాటకూడదు అంది. గమనించండి, ఏడాది. ఆనాటి మోడెం వేగానికి ఆ లెక్క సబబే. ఈనాటి దొంగ లైను మీద ఒక్కొక్కటే ప్రయత్నిస్తూ కూర్చోడు. పాస్‌వర్డ్ ఫైలునే ఎత్తుకుపోయి తన ఇంట్లో విప్పుకుంటాడు. అది విప్పటానికి బలహీనమైన పాస్‌వర్డ్ అయితే క్షణాలు, బలమైనదైతే వాడి జన్మ చాలదు. రెంటి మధ్యా నలభైరెండుకు చోటెక్కడుంది?

తర్వాత బిల్ బర్ వచ్చారు. ఆయన నిస్ట్ అనే అమెరికా ప్రమాణాల సంస్థలో అధికారి. పెద్దక్షరం, అంకె, ఆశ్చర్యార్థకం, తరచూ మార్పు అంటూ మనందరి నుదుటా రాసిన మార్గదర్శకాలు 2003 ప్రాంతంలో ఆయన చేతి మీదుగా వచ్చినవే. పాపం, జనం నిజంగా ఎలాంటి పాస్‌వర్డ్‌లు పెట్టుకుంటున్నారో చూసి రాయాలనే అనుకున్నారట. తమ సంస్థ కంప్యూటర్లు చూసేవాళ్ళను అడిగితే కుదరదు పొమ్మన్నారు. చేసేదిలేక 1980ల నడుమ రాసిన ఒక పత్రం మీద ఆధారపడ్డారు. 2017లో, డెబ్భై రెండేళ్ళ వయసులో, రిటైరయ్యాక, వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికతో మాట్లాడుతూ, తాను చేసినదానిలో చాలా భాగానికి ఇప్పుడు చింతిస్తున్నానని చెప్పారు. నియమం పెట్టినవాడు నోరు తెరిచి తప్పయిందనటం మామూలు విషయం కాదు, ఆ పెద్దమనిషికి దణ్ణం. దణ్ణం పెట్టి ముగించేద్దామంటే ఆయన పెట్టిన నియమం ఇంకా పదవీ విరమణ చేయలేదు.

అదే ఏడాది నిస్ట్ కూడా దిగివచ్చింది. ఊరికే గడువు పెట్టి మార్పించకండి, చోరీ అయిందన్న ఆధారముంటే మార్పించండి అంది. అంతకు ముందు ఏడాదే లోరీ క్రేనర్, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌లో ముఖ్య సాంకేతిక అధికారిగా ఉంటూ, ఈ తప్పనిసరి మార్పిళ్ళ మీద మరోసారి ఆలోచించండని బహిరంగంగా రాశారు. బ్రిటన్ వాళ్ళూ అదే పాట అందుకున్నారు. 2025లో నిస్ట్ గొంతు పెంచి, సలహాగా చెప్పినదాన్ని ఖచ్చితమైన నిషేధం చేసింది. 2019లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన భద్రతా సిఫార్సుల జాబితా నుంచి పాస్‌వర్డ్ గడువును తీసేస్తూ, అది పాతబడిపోయిన ఉపాయమనీ, దానివల్ల ఒరిగేది బహు తక్కువనీ తన నోటితోనే చెప్పింది.

చెప్పి ఆరేళ్ళు దాటింది. ఇప్పుడు మాస్టారి ఇంట్లో ఆ నల్ల కిటికీ తెరిచి, నెట్ అకౌంట్స్ అని కొట్టి చూడండి. తొమ్మిది వరసలు వస్తాయి. పాస్‌వర్డ్ గరిష్ఠ వయసు: 42. దాని కిందే, పాస్‌వర్డ్ కనీస పొడవు: 0. దాని కింద, గుర్తుపెట్టుకునే పాత పాస్‌వర్డ్‌ల సంఖ్య: ఏమీ లేదు. ఎన్నిసార్లు తప్పు కొడితే తాళం పడాలన్న చోట, విండోస్ 11లో కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాటికి ఈమధ్య పది అని వస్తోంది గానీ, పాతవాటిలో ఎప్పటికీ పడదు అని ఉంటుంది.

ఒకసారి ఆగి చదువుకోవాల్సిన వరసలివి. నలభైరెండో రోజు మార్చి తీరాలి. కానీ కొత్తదానికి అక్షరాలే లేకపోయినా పెట్టెకు అభ్యంతరం లేదు. పాతదే మళ్ళీ కొత్తదని చెప్పి ఇచ్చినా గుర్తుపట్టదు, ఎందుకంటే గుర్తుపెట్టుకోవద్దని దానికి చెప్పి ఉంచారు. పాత విండోస్ అయితే దొంగ వెయ్యిసార్లు తప్పు కొట్టినా పల్లెత్తు మాట అనదు. దొంగకు సంబంధించిన గళ్ళన్నీ ఖాళీగా వదిలేసి, యజమానికి సంబంధించిన ఒక్క గడిని మాత్రం శ్రద్ధగా నింపిన ఏర్పాటు ఇది. అంటే మాస్టారు ఇన్నేళ్ళుగా శ్రీరామ@2, @3 అంటూ లెక్కపెట్టుకుంటూ పోవటం కూడా అనవసరమే. ప్రతి మండలానికీ శ్రీరామ@1 అనే మళ్ళీ మళ్ళీ కొట్టి ఉంటే పెట్టె సంతోషంగా లోపలికి పంపేది.

లినక్స్ వాళ్ళు ఈ విషయంలో మన పూర్వీకుల తరహా. అక్కడా గడువుకు ఒక గడి ఉంది, చాలా చోట్ల అందులో 99999 అని వేసి ఉంటుంది. రోజులే. సుమారు 274 ఏళ్ళు. నియమాన్ని కాదనకుండానే నియమానికి తద్దినం పెట్టటమంటే ఇదీ.

"గడువు ఉంటే నష్టమేముంది, కాస్త జాగ్రత్తే కదా" అనే పెద్దలు ప్రతి అపార్ట్‌మెంట్ కమిటీలోనూ ఉంటారు. నష్టం ఏమిటంటే, మనిషికి జాగ్రత్త పడే ఓపిక ఒక మోతాదుకు మించి ఉండదు, దాన్ని ఈ పెట్టె నలభైరెండు రోజులకోసారి తాగేస్తుంది. మాస్టారి ఇంటికి నిజంగా దొంగ వచ్చే దారి వేరు. అది ఫోన్. కేవైసీ అప్‌డేట్ చేయాలండీ అంటాడు, కొరియర్‌లో మీ పేరు మీద ఏదో దొరికిందంటాడు, పోలీసు యూనిఫాంలో వీడియో కాల్‌లోకి వచ్చి డిజిటల్ అరెస్ట్ అంటాడు. అడిగితే ఓటీపీ మాస్టారే చదివి వినిపిస్తారు, స్పష్టంగా, బోర్డు ముందు నిలబడి చెప్పినట్టు, రెండుసార్లు. ఆ ఓటీపీ వయసు కొన్ని నిమిషాలే. నిమిషాల గడువున్నదే ఆదుకోని చోట నలభైరెండు రోజుల గడువు ఏం ఆదుకుంటుంది? పైగా తెర మీద ఏ హెచ్చరిక వచ్చినా "ఏదో ఒకటి పెట్టేయండి" అని దాటిపోవటం ఆ ఇంటికి ఏళ్ళ తరబడి నేర్పించాం. ఎప్పుడో ఒకసారి వచ్చే అసలైన హెచ్చరికనూ వాళ్ళు అలాగే దాటేస్తారు.

ఇక విరుగుడు. విండోస్ ప్రో వాడేవాళ్ళకు లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్ అని ఒక కిటికీ ఉంది. అందులో తమ పేరు మీద రెండుసార్లు నొక్కి, ‘పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్’ పక్కన టిక్కు పెడితే దీక్ష విరమణ అయిపోయింది. హోమ్ ఎడిషన్‌లో ఆ కిటికీ లేదు. హోమ్ అంటే ఇల్లు. ఇంటివాళ్ళ కోసమని పేరు పెట్టి మరీ అమ్మేదాంట్లో, ఇంటివాళ్ళకు తమ ఇంటి తాళం నియమం మార్చుకునే కిటికీ పెట్టలేదు. వాళ్ళు ఆ కుర్రాడి నల్ల కిటికీనే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, నెట్ అకౌంట్స్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, మాక్స్‌పీడబ్ల్యూఏజ్, కోలన్, అన్‌లిమిటెడ్ అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. ఆదివారం మనవరాలు వచ్చినప్పుడు అడిగితే టీ మరిగేలోపు చేసేస్తుంది.

అదయ్యాక మాస్టారు ఒక్క పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. పొడుగ్గా, నాలుగైదు మాటలు కలిపి, తనకు తప్ప ఎవరికీ పొంతన కుదరనివి, బ్యాంకుకూ ఈమెయిల్‌కూ వాడనిది. క్యాలెండర్‌లో పాలవాడి సున్నాలు పాలవాడికే ఉంటాయి. ఎవరికైనా పొరబాటున చెప్పేశానేమో, ఎవరైనా చూశారేమో అని అనుమానం వస్తే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే పాస్‌వర్డ్ మార్చుకునే వసతి అక్కడే ఉంది. ఆ అనుమానం మూడో రోజు వస్తే మూడో రోజే మార్చుకోవాలి, ఇంకా ముప్ఫై తొమ్మిది రోజులున్నాయి కదా అని కూర్చోకూడదు.