పెండ్లి విందు – పద్దుల మీమాంస

కన్యాదానము చేసిన గృహస్థునకు వెనుకటి పది తరములవారును, రాబోవు పది తరములవారును, తానును గలిసి వెరసి 21 తరములు తరించునని సంకల్పమునందే కూడిక వేసి చూపిన మన శాస్త్రము, ఆ దానమును కన్నులార చూడవచ్చిన బంధుమిత్రులు భుజించిన విస్తళ్ళ లెక్కను మాత్రము క్యాటరింగు కాంట్రాక్టరునకు విడిచిపెట్టి, తాను మెల్లగా తప్పుకొన్నది. తరముల లెక్క తప్పినను నిలదీయువా రెవ్వరును లేరు. విస్తళ్ళ లెక్క మాత్రము పందిరి విప్పకమునుపే తేలి తీరవలయును.

వెనుకటి కాలమున ఈ చిక్కు లేదు. పెరటిలో గాడిపొయ్యి త్రవ్వించి, వంటవారిని కుదుర్చుకొని, వారు చెప్పిన సరకుల చిట్టా ప్రకారము బియ్యము, కందిపప్పు, నేయి, బెల్లము, పనసకాయలతో సహా గృహస్థే తెచ్చి పడవేసెడి రోజులలో, వంటవానికి ముందు మాటలాడుకొన్న కూలి యొకటియు, బూరెలలో పూర్ణము బయటపడకుండ వండినందులకు సంతోషించి తాంబూలములో పెట్టి యిచ్చిన సంభావన యొకటియు ముట్టెడివి. కూలి నోటిమాటకు కట్టుబడినది, సంభావన మనసునకు కట్టుబడినది. సర్కారువారి పన్ను గాడిపొయ్యి దరిదాపులకు వచ్చిన జ్ఞాపకము మా యింట ఎవరికిని లేదు. నేడో, ఈ మూడును ఒకే కాగితముపై, ఒకే సిరాతో, ఒకదాని భుజముపై నొకటి చేయి వేసికొని నిలుచుచున్నవి. వానిలో ఏది యెవరో పోల్చుకొనుటయే కన్యాదాతకు పట్టిన అసలు పరీక్ష.

మేనమామకు ఆచారము విధించిన పని మేనకోడలిని గంపలో కూర్చుండబెట్టి వేదిక వద్దకు మోసికొని వచ్చుటయే గాని, నేను లెక్కల మాస్టారును గూడ నగుటచే, కాకినాడలో జరిగిన మా మేనకోడలి వివాహమున బిల్లు మోయుట గూడ నా భుజములపై బడినది. క్యాటరింగువారు బిల్లు తెచ్చుటకు ఒక దివ్యముహూర్తమును ఎన్నుకొందురు. అది అప్పగింతల వేళ. పిల్ల చేతిని పాలలో ముంచి వియ్యపురాలి చేతిలో పెట్టుచు గొల్లున నేడ్చుచున్న తండ్రికి నూటికి ఎంత శాతమో కట్టిచూచు ఓపిక యుండదని వారెరుగుదురు. మా బావగారు ఆ కాగితమును నా చేతిలో పెట్టి, "బావా, కాస్త నువ్వు చూడు, నాకు కళ్ళు మసకేస్తున్నాయి" అని కండువాతో ముఖము తుడుచుకొనిరి.

కాగితమున ఇట్లున్నది: ప్లేటు 600 చొప్పున 500 ప్లేట్లకు 3,00,000, దానిపై సర్వీస్ ఛార్జీ 10 శాతము, 30,000, ఈ రెంటి మొత్తముపై జీఎస్టీ 5 శాతము, 16,500, పిదప రౌండాఫ్ అను పేర 3,500, వెరసి 3,50,000 రూపాయలు. చిల్లర సరిచేయుట యనునది ఎల్లప్పుడును పైకే పోవునేగాని క్రిందికి దిగదనుట నేను గణితశాస్త్రమున చదువని సిద్ధాంతము.

"ఇదంతా గవర్నమెంటు రూలేనండి మాస్టారూ, మాదేవుందండీ" అని కాంట్రాక్టరు చేతులు నులుముకొనెను.

గవర్నమెంటు రూలు ఎంతవరకో మొదట చూతము. పెండ్లిమండపమునకు వచ్చి వండి వడ్డించు క్యాటరింగుపై జీఎస్టీ 5 శాతము. అందు సగము కేంద్రమునకు, సగము రాష్ట్రమునకు. గదికి రోజుకు 7,500 రూపాయలకు మించి పుచ్చుకొను పెద్ద హోటలు ప్రాంగణముననే విందు జరిగినచో 18 శాతము. కల్యాణమండపపు అద్దెకు విడిగా బిల్లు వేసినచో దానిపైనను 18 శాతమే. పన్ను పుచ్చుకొనువానికి 15 అక్షరములు, అంకెలు గల జీఎస్టీ నంబరు ఉండవలెను. అది ఆంధ్రప్రదేశమువానిదైన 37తోను, తెలంగాణమువానిదైన 36తోను మొదలగును. సాలుకు 20 లక్షలు దాటని వ్యాపారమై, రిజిస్ట్రేషను లేనివాడును, కాంపోజిషను పద్ధతిలో నున్నవాడును మననుండి పన్ను పేర ఒక్క రూపాయి యైనను పుచ్చుకొనరాదు. మావాని కాగితముపై 37తో మొదలైన నంబరు నిక్షేపముగా నున్నది. అడ్వాన్సు నాటి ఒప్పందములో "ప్లేటు 600, ట్యాక్సు అదనం" అనియు నున్నది. కావున పన్నునకు మేము తల వంచితిమి. "పోనీ కచ్చా బిల్లు రాసేస్తానండీ, ట్యాక్సు ఉండదు" అని యతడు చెవిలో చెప్పిన రహస్యమునకు మాత్రము వంచలేదు. ఏలయన కచ్చా బిల్లులో పన్ను మాయమగునేగాని సర్వీస్ ఛార్జీ మాయము కాదని అతని పెన్సిలు అప్పటికే సూచించుచున్నది.

ఇక ఆ సర్వీస్ ఛార్జీ. స్వర్గమునకు చెందక, భూమికి దిగక నడుమ వ్రేలాడిన త్రిశంకువునకు పిదప ఆ స్థితి దక్కినది దీనికే: సర్కారునకు చేరదు గనుక పన్ను కాదు, మనసు పుట్టి యిచ్చునది కాదు గనుక సంభావనయు కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న వెలువరించిన మార్గదర్శకములలో, హోటళ్ళును రెస్టారెంట్లును దీనిని తమంత తాము బిల్లులో చేర్చరాదనియు, వేరొక పేరు పెట్టియైనను పుచ్చుకొనరాదనియు, భోజనపు ధరతో కలిపి మొత్తముపై జీఎస్టీ వేయరాదనియు చెప్పియున్నది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకములను సమర్థించినది. అందు పేర్కొన్నది హోటళ్ళను, రెస్టారెంట్లనే. పెండ్లి కాంట్రాక్టునకు మనము వ్రాసికొన్న కాగితమే ప్రమాణము. ఆ కాగితమున సర్వీస్ ఛార్జీ యను మాటయే లేదు.

"ఈ ముప్ఫై వేలు ఎవరికయ్యా?" అని యడిగితిని.

"కుర్రాళ్ళకేనండి, పొద్దుటి నుంచి నిలబడి వడ్డిస్తున్నారు కదండీ."

ఆ మాట నిజమైనచో నాకును సంతోషమే గనుక, చేతులు కడుగుకొను మిషతో వంటశాల వెనుకకు పోతిని. అచ్చట నెక్‌టైలు విప్పి జేబులలో కుక్కుకొని, అరటియాకు ముక్కలలో పులిహోర తినుచున్న కుర్రవారిలో ఒకడు, డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నవాడు, "మాకు రోజు కూలేనండి. అందులో మాకు రూపాయి కూడా రాదండి" అని, నేను మీగడ పెరుగు కొరకు వచ్చితిననుకొని గిన్నె నా వైపు జరిపెను.

ప్లేట్ల లెక్క వేరొక పురాణము. 1957 నాటి మాయాబజార్ చిత్రమున ఎస్వీ రంగారావుగారి ఘటోత్కచుడు వియ్యాలవారి విందంతయు ఒక్కడే ఆరగించినను, నేటి పద్ధతిలో అది ఒకే ప్లేటు. ఆ నష్టమును కాంట్రాక్టరులు నేటికిని పూడ్చుకొనుచున్నారు కాబోలు, మజ్జిగ మాత్రము పుచ్చుకొని లేచిన మా పెదతాతగారి పేర ఒకటియు, రెండవమారు బూరె కొరకు క్రొత్త ప్లేటు పట్టినవారి పేర రెండేసియు లెక్కకు వచ్చినవి. 500 గ్యారంటీ యన్నచో 430 మందియే వచ్చినను 500కే చెల్లింపవలెను. ఇది ముందు ఒప్పుకొన్నదే గనుక దీనిపై తగవు లేదు.

అమెరికాలోని మనవారికి ఈ బాధ తప్పినదనుకొనరాదు. డల్లాసులో అమ్మకపు పన్ను 8.25 శాతము, అచ్చట బిల్లులో ముందే వేసిన గ్రాట్యుయిటీ 20 శాతమునకు మించక, విడిగా చూపబడి, పనివారికే పంచబడినచో దానిపై పన్ను లేదు. యజమాని పెట్టెలో వేసికొన్నచో అదియు ధరలో భాగమే. టెక్సాసువారికి మా వంటశాల కుర్రవాని మాట ఎట్లు వినబడినదో గాని, న్యాయముగనే వినబడినది.

తుదకు సర్వీస్ ఛార్జీయు, దానిపై వేసిన పన్నును, రౌండాఫును కొట్టివేయించి, 3,15,000 చెల్లించి, కుర్రవారి చేతులలో వారివారి కవరులను, వంట మాస్టరునకు తాంబూలముతో పంచెలచాపును మేమే పెట్టితిమి. కాంట్రాక్టరు కోపగింపలేదు. "సంతోషమేనండి మాస్టారూ. మీ ఇంట్లో వచ్చే పెళ్ళికి ప్లేటు 660 చెప్తానండి" అని నవ్వెను. చెప్పవలసినదే. అడ్వాన్సు నాడు చెప్పిన 660 ధర. అప్పగింతల నాడు చెప్పిన 60 దౌర్జన్యము.

కావున కన్యాదాతలారా, వంటకముల పట్టికలో గుత్తివంకాయయా, పనసపొట్టా అని చర్చించు ఉత్సాహములో పదవ వంతు మిగిల్చి, ప్లేటు ధరలో ఏమేమి చేరినవో, పన్ను ఎంత శాతమో, ఏ నంబరుపైనో, సర్వీస్ ఛార్జీ కలదో లేదో అడ్వాన్సు ఇయ్యకమునుపే కాగితముపై వ్రాయించుకొనుడు. తగవు తెగనిచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ నంబరు కలదు. సంభావన మాత్రము ఏ కాగితముపైనను వ్రాయింపక, వడ్డించిన చేతికే మీ చేతితో ఇయ్యుడు.