నూనెగిన్నె చూసిన మచ్చలు

నేను ఇత్తడి గిన్నెను. అరచేతిలో ఇమిడేంత దాన్ని. శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచరుల చేతుల మీదుగా పుట్టి, 1960ల్లో ఒక పెళ్లికూతురి సారెలో చేరి, రైలూ పడవా ఎక్కి కోనసీమ వచ్చాను. అంబాజీపేటకు దగ్గరి ఊరు, కొబ్బరితోటల నడుమ పెంకుటిల్లు. ఆ పెళ్లికూతురే ఇప్పటి మా పెద్దమ్మగారు. కాఫీ గ్లాసులకీ గరిటెలకీ వంటింట్లో చోటిచ్చారు, నాకు మాత్రం నీళ్లపొయ్యి పక్కన గూడు చూపించారు. నా పని కడుపుతో కాదు, ఒంటితో. పండగ తలంట్లు, పసిపిల్లల స్నానాలు, బెణుకులు, గజ్జి, చిడుము అన్నీ నా మీదుగా జరగాల్సిందే. అందుకే ఈ ఇంట్లో వాళ్లను మొహాలకంటే మచ్చలతోనే ఎక్కువ గుర్తుపడతాను.

ముందు నా గుణం చెప్పాలి. నాలో నూనె నిలవ ఉంచకూడదు. నాలుగు రోజులుంచితే చిలుము పట్టి నూనె పచ్చబడుతుంది, వాసన మారుతుంది. కావలసినంతే పోసుకుని, పనయ్యాక చింతపండు పెట్టి తోమేవారు. అలా ఎప్పటికప్పుడు ఒట్టి గిన్నెనయ్యాను కాబట్టే ఏ నూనె మీదా నాకు ప్రత్యేక ప్రేమ లేదు, పగ లేదు. ఎవరి సంగతి వాళ్లదిగా చెప్పగలను.

అందరిలోకీ బరువైన మనిషి వంటాముదం. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడకబెడితే పైకి తేలేది అది. గింజలోని విషం నూనెలోకి రాదు, పిండిలో మిగిలి ఉడుకుకు విరిగిపోతుంది. రాస్తే ఓ పట్టాన ఇంకదు, చర్మం మీద మందంగా పరుచుకుని లోపలి తడిని బయటికి పోనివ్వదు. కొబ్బరి నూనె ఇంటి మనిషి. అందులో సగానికి దగ్గర లారిక్ ఆమ్లమే. 24 డిగ్రీల కిందికి వెళితే పేరుకుంటుంది కాబట్టి ధనుర్మాసంలో నన్ను కాసేపు ఎండలో పెట్టాల్సి వచ్చేది. నువ్వుల నూనె ఒంటికి పట్టిస్తే వేలు సాఫీగా సాగుతుంది. వేపనూనె వస్తే మాత్రం పిల్లలంతా పెరట్లోకి పరుగు. ఆ వాసన వదిలించడానికి చింతపండు చాలక బూడిద కూడా కావాలి.

ఇక మచ్చలు. నేను చూసిన మొదటివి పెద్దమ్మగారి బుగ్గల మీదివి. చిన్నప్పుడు అమ్మవారు పోసి తగ్గిందట, గుంటలు మిగిలాయి. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు ఆముదంలో పసుపు రంగరించి తెల్లవారుజామునే కోడలి మొహానికి పట్టించేది. ఏళ్ల తరబడి పట్టించింది. చర్మం నునుపు తేలింది, నిగనిగలాడింది, గుంటలు మాత్రం పూడలేదు. ఎందుకు పూడలేదో నాకు చాలా కాలం తర్వాత పెద్ద మనవరాలి వల్ల తెలిసింది. ఆ పిల్ల కాకినాడలో డాక్టరు చదువు చదివేది. సెలవులకొచ్చినప్పుడు నాయనమ్మ తలకు నూనె పెడుతుంటే పాఠాలు పైకి చదివేది. మశూచి పొక్కు చర్మం లోతుల్లోని జిడ్డు గ్రంథుల్నే నాశనం చేస్తుందట. అక్కడ కణజాలం కుంచించుకుపోయి గుంట పడుతుంది. పైన రాసే నూనె ఆ లోతుకు చేరదు, చేరినా పోయిన గ్రంథిని తిరిగి పుట్టించలేదు. మన దేశంలో చివరి మశూచి కేసు 1975లో వచ్చింది, 1977లో దేశానికి ఆ పీడ విరగడైందని ప్రకటించారు. అలాంటి బుగ్గలు కొత్తగా నా ముందుకు రాలేదు.

రెండోది పెద్దమ్మగారి కోడలి ముంజేయి. సంక్రాంతికి అరిసెలు వండుతుంటే కాగిన నూనె చిందింది. "ఆ గిన్నె ఇలా తేండే, నూనె రాద్దాం" అని పెద్దమ్మగారు కేకేశారు. నేను గూట్లోంచి దిగేలోపే ఎదురింటి నర్సమ్మ పరుగున వచ్చి, కోడల్ని కుళాయి దగ్గరికి లాక్కెళ్లి, ధార కింద చెయ్యి పెట్టించింది. ఇరవై నిమిషాలు తియ్యనివ్వలేదు.

"కాలిన చోట నూనె రాస్తే వేడి లోపలే ఉండిపోద్దండీ పిన్నిగారూ. మురికి కూడా అంటుకుంటది. పుండు మూతబడి, పక్కు రాలి, కొత్త చర్మం వచ్చాక మీ ఇష్టం, ఎంతైనా రాసుకోండి."

అంతమంది ముందు నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆవిడ మాటే నిలిచింది. పుండు మానాక నన్ను పిలిచారు. అక్కడ నల్లటి మచ్చ మిగిలింది. రోజూ స్నానం కాగానే, తడి ఆరీ ఆరకముందే కోడలు రెండు చుక్కల కొబ్బరి నూనె రాసుకునేది. ఏడాది తిరిగేసరికి నలుపు చాలావరకు విరిగింది. ఊళ్లో పేరంతా నాకొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ పేరులో పెద్ద వాటా కాలానికీ, కోడలు ఎండలోకి వెళ్లేటప్పుడు తొడుక్కున్న పొడుగు చేతుల జాకెట్టుకీ దక్కాలి. గాయపడిన చోట చర్మం రంగును ఎక్కువగా తయారుచేస్తుంది. మన ఛాయ ఒళ్లలో ఆ నలుపు నెలల తరబడి ఉండి, మెల్లగా దానంతటదే తగ్గుతుంది. ఎండ తగిలితే మళ్లీ ముదురుతుంది.

మనవరాలి పాఠాల్లో నాకు బాగా పట్టింది ఇంకొకటుంది. దెబ్బ తగలగానే ఒళ్లు అందం చూసుకోదు, ముందు కన్నం మూయాలనుకుంటుంది. కొలాజెన్ అనే పీచును హడావుడిగా అడ్డదిడ్డంగా నేస్తుంది. అది తొందరలో వేసిన మాసిక. ఆ తర్వాత ఏడాదిపాటు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం, మొదట నేసిన పీచును తీసి గట్టి పీచు పెడుతూ పోతుంది. ఎర్రగా, ఎత్తుగా ఉన్న మచ్చ పాలిపోయి చదునయ్యేది ఈ రిపేరులోనే. ఎంత చేసినా పాత చర్మపు బలంలో 80 శాతానికి మించి రాదు. అక్కడ వెంట్రుకా మొలవదు, చెమటా పట్టదు. అందుకే మచ్చ ఎండిపోయి దురద పెడుతుంది. నా నూనెలకు నిజంగా పనుండేది ఇక్కడే. తడిని పట్టి ఉంచుతాయి, దురద తగ్గిస్తాయి, మర్దన చేసే వేలికి దారి ఇస్తాయి. తడిని పట్టి ఉంచడంలో ఇప్పటి సిలికాన్ పట్టీలు నాకంటే పెద్ద చెయ్యి. డాక్టర్లు పరీక్షించి చూసింది వాటినే ఎక్కువ. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు.

ఓడిపోయిన చోటు కూడా చెబుతాను. చిన్న మనవరాలికి చెవి పైభాగాన రెండో కుట్టు కుట్టించారు. కన్నం మానింది గానీ దాని చుట్టూ బుడిపె లేచింది. కొబ్బరి, నువ్వులు, వేప వరసగా నాలోంచి వెళ్లాయి. బుడిపె మాత్రం కన్నం హద్దు దాటి పెరుగుతూనే పోయింది. కీలాయిడ్ అన్నారు. చెవులు, ఛాతీ, భుజాలు దానికి ఇష్టమైన చోట్లు. దానికి నూనె పనికిరాదు. చివరికి చర్మం డాక్టరు అందులోకే స్టెరాయిడ్ సూదిమందు కొన్ని విడతలు వేస్తే మెత్తబడింది. మచ్చ గాయం గీత దాటి పాకుతుంటే నా దగ్గరికి రావద్దు, ఆస్పత్రికి వెళ్లండి.

ఈమధ్య నా గూట్లోకి డాలస్ నుంచి ఒక చుట్టం దిగింది. చిలీ దేశపు అడవిగులాబీ కాయల గింజల నూనె, గాజుబుడ్డిలో, రబ్బరు డ్రాపరుతో. పక్కనే విటమిన్ ఇ బిళ్లలు. వాటిని సూదితో పొడిచి మచ్చలకు రాసుకోవాలట. బుడ్డి మంచిదే, లినోలిక్ ఆమ్లం బాగా ఉన్న పలచటి నూనె. మా పల్లెటూరి నూనెల్ని చూసి మొహం తిప్పుకోలేదు. బిళ్లల సంగతి వేరు. 1999లో అమెరికాలో కొద్దిమంది మీద ఒక చిన్న పరిశోధన జరిగింది. ఆపరేషన్ మచ్చలకు విటమిన్ ఇ రాస్తే పదింట తొమ్మిది కేసుల్లో తేడా లేదు, లేదా మచ్చ ఇంకా వికారమైంది. మూడో వంతు మందికి దద్దుర్లొచ్చాయి. ఇది తెలిసిన పెద్ద మనవరాలు బిళ్లల డబ్బాను గూట్లోంచి తీసేసింది. "చెట్టు నుంచి వచ్చిందే కదా, ఏమవుతుంది?" అని పక్కింటావిడ నిమ్మనూనె రాసుకుని ఎండలో వడియాలు పెట్టబోతే ఆ పిల్లే ఆపింది. పిండి తీసిన నిమ్మనూనె చర్మం మీదుండగా ఎండ తగిలితే కమిలిపోతుంది. ఏ నూనైనా సరే, మొదట మోచేతి మడత దగ్గర చుక్క రాసి ఒకటి రెండు రోజులు చూడమని ఆమె చెప్పే మాట. ఆముదపు చెట్టయినా అడవిగులాబీ అయినా, పడనివాళ్లకు పడదు.

పోయినేడు పెద్దమ్మగారికి మోకాలి కీలు మార్చారు. కుట్లు విప్పి, గాయం పూర్తిగా మానాక ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి, మచ్చ చుట్టూ రోజూ మర్దన చెయ్యమన్నాడు. కింది కండకు చర్మం అతుక్కుపోతే కాలు వంచేటప్పుడు పట్టేస్తుందట. ఇప్పుడు పొద్దున్నే నాలో నువ్వుల నూనె పోసుకుని కోడలు పీట వేసుకుని కూర్చుంటుంది. ఒకప్పుడు అరిసెల నూనె చిందిన చెయ్యే అది. రెండు వేళ్లతో నొక్కి పట్టి, చర్మాన్ని కిందికీ పైకీ, గుండ్రంగా కదుపుతుంది. నూనె అరచెంచాడు కూడా ఖర్చవదు. పనంతా వేళ్లదే.

"మొహం మీదివే పోలేదు, మోకాలి మీదిది పోద్దంటావా?" అన్నారు పెద్దమ్మగారు నిన్న.

"పోవడానిక్కాదు అత్తయ్యా, వంగడానికి."

పెద్దమ్మగారు కాస్త ఆలోచించారు.

"అయితే ఇంకాస్త గట్టిగా నొక్కు."