ఎగ్జాస్టు ఫ్యానుకు సూరత్ వ్యాఖ్య

అవతారిక: తపతి ఒడ్డున ఉక్కపోతకు కిటికీ ఒక్కటే చాలదు. మరమగ్గాల పనికి వచ్చి లింబాయత్‌లో, ఉధ్‌నాలో స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాల ఇళ్లలోనూ గోడకో ఎగ్జాస్టు ఫ్యాను, స్తోమతు ఉంటే ఏసీ తప్పనిసరి అవుతున్నాయి. ఆ బిగింపు వేళ గృహస్థుడూ మిస్త్రీ కూడా తెరవని గ్రంథం ఒకటుంది. అదే 2000లో వెలువడిన శబ్దకాలుష్య నియమావళి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం దాని మాతృక. సర్కారీ సంప్రదాయం ప్రకారం సూత్రకారుడు తన పేరు చెప్పుకోడు, కావ్యం మాత్రం మనమీద వదిలాడు.

మూలం: నివాసస్థలములందు ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను మించరాదు.

ప్రతిపదార్థం: నివాసస్థలములందు = జనం కాపురముండే చోట (కార్ఖానాల మండలంలో 75, 70; బజారులో 65, 55; ప్రకటిత నిశ్శబ్ద మండలంలో 50, 40); ధ్వని = ఒక్క యంత్రం మోత కాదు, ఆ చోటికి చేరే చప్పుళ్లన్నిటి సగటు; రాత్రి = సూర్యుడితో నిమిత్తం లేకుండా పదింటి నుంచి తెల్లవారి ఆరింటి దాకా; మించరాదు = మించరాదనే, ‘చూద్దాంలే’ అని కాదు.

తాత్పర్యం: ఈ సూత్రం కొలిచేది యంత్రాన్ని కాదు, చోటును. కనుక బిగించేవాడు చూసుకోవలసింది తన గోడ దగ్గర ఎంత మోగుతున్నదని కాదు, రాత్రిపూట ఎదుటింటి కిటికీ దగ్గర ఎంత వినపడుతున్నదని. ఇది మరిచి ‘కంపెనీ వాళ్లు పరీక్షించే అమ్మారు’ అనేవాళ్లు రెండు గ్రంథాలను కలిపి చదువుతున్నారు. ఒకటి నుంచి ఒకటిన్నర టన్నుల విండో ఏసీకి 68 డెసిబెళ్ల పరిమితి ఉన్నమాట నిజమే, కానీ అది తయారీ దశకు చెందినది. మీటరు దూరంలో 68 ఉందనుకుందాం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెళ్లు తగ్గుతాయి: రెండు మీటర్లకు 62, నాలుగుకు 56, ఎనిమిదికి 50, పదహారుకు 44. అంటే రాత్రి సూత్రం నెగ్గడానికి ఇంచుమించు పదహారు మీటర్ల ఎడం కావాలి. ఎదురెదురు ఇళ్ల మధ్య అంత వెడల్పున్న గల్లీ ఎక్కడుంది? పైగా ఇరుగోడల మధ్య చప్పుడు తగిలి తిరిగి వస్తుంది గనుక ఈ తగ్గుదల కూడా పూర్తిగా దక్కదు. ఒకే మోత గల యంత్రం పక్కన మరొకటి చేరితే 3 డెసిబెళ్లు, పది చేరిన గల్లీలో 10 పెరుగుతాయి. విడివిడిగా అందరూ నిర్దోషులే, మొత్తం మీద సూత్రభంగం.

పూర్వపక్షం: ‘ఇది లౌడ్‌స్పీకర్ల కోసం పుట్టిన శాస్త్రం, ఫ్యానుకు వర్తించదు’ అని కొందరు. అవతారికలోనే సూత్రకారుడు జనరేటర్లతో పాటు ఇతర యాంత్రిక సాధనాలనూ చేర్చాడు కనుక ఆ వాదం నిలవదు. ‘పరిమితి కన్నా 10 డెసిబెళ్లు మించితేనే ఫిర్యాదు చేయవచ్చన్నాడు, కాబట్టి రాత్రి 54 దాకా మన హక్కే’ అని లెక్కలు నేర్చిన మరికొందరు. ఆ పది ఫిర్యాదుకు గడపే తప్ప మోతకు అనుమతి కాదు. పక్కవాడు పోలీసు కమిషనరు దాకా వెళ్లనంత మాత్రాన సూత్రం నెరవేరినట్టు కాదు. ‘మగ్గాల హోరున్న ఊళ్లో ఫ్యాను ఎవడికి వినపడుతుంది?’ అన్నది అన్నిటిలోకీ బలమైన ఆక్షేపం. పగలు వినపడదన్నది ఒప్పుకోవలసిందే. అందుకే మిట్టమధ్యాహ్నం స్విచ్చి వేసి ‘సైలెంటుగా ఉంది సార్’ అనే మిస్త్రీ వాక్యం ప్రమాణం కాదు. హోరు దానిని కప్పేసింది. మగ్గాలకు సూత్రకారుడు వేరే మండలం ఇచ్చాడు. షిఫ్టంతా ఆ హోరులో గడిపిన చెవులకు ఇంట్లోనైనా విరామం ఎక్కువ కావాలి గాని తక్కువ కాదు. రాత్రి షిఫ్టువాళ్లు పగలు పడుకుంటారు కాబట్టి పగటి 55 కూడా వాళ్లకు అక్కరకొచ్చేదే.

సిద్ధాంతం: ‘నా గోడ, నా ఫ్యాను’ అనే చివరి వాదానికి ఈ నగర చరిత్రే జవాబు. 1994 ప్లేగు దాకా ఇంటి చెత్త వీధికి చేరడం ఇంటి సంగతే అనుకున్నారు. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో అది ఊరి సంగతి అయింది; 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇందౌర్‌తో కలిసి మొదటి స్థానంలో నిలిచింది. గడప దాటిన చెత్తకు వర్తించిన న్యాయం గడప దాటిన చప్పుడుకు వర్తించకపోవడానికి కారణం లేదు. అనుష్ఠానం కష్టమూ కాదు. చిన్న ఫ్యాను జోరుగా తిప్పడం కన్నా పెద్ద ఫ్యాను నిదానంగా తిప్పాలి; వేగం సగమైతే మోత దాదాపు 15 డెసిబెళ్లు తగ్గుతుంది. బ్రాకెట్టు కింద రబ్బరు ప్యాడ్లు వేస్తే అదురు గోడలోకి పాకదు. యంత్రం మూతి ఎదుటి కిటికీ వైపు కాక ఖాళీ వైపు తిప్పాలి. రాత్రి పదింటి తర్వాత, అవతలివారి అనుమతితో, వారి కిటికీ దగ్గర నిలబడి విన్నాకే మిస్త్రీకి చివరి విడత డబ్బు ఇవ్వాలి.

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్యను బిగింపుకు ముందే పఠించినవారికి గాలి, నిద్ర, పొరుగువారితో మాటలు సిద్ధిస్తాయి. బిగించాక పఠించినవారికి గోడకు రెండో జత కన్నాలు, మిస్త్రీకి రెండో కూలి.