‘పడక యెక్కక’: ఒక ఓపీడీ తేటగీతికి టీకా తాత్పర్యం

తే. పడక యెక్కక వైద్యుని బారిబడిన
ఫీజు మందు పరీక్షల బిల్లులన్ని
యేటి హద్దుకు లోబడి యిత్తుమయ్య
చెల్లు నెట్వర్కునందలి చీటి యొకటె.

అవతారిక. ఆరోగ్య బీమా అనే ప్రబంధంలో ఓపీడీ ఆశ్వాసంలోనిది ఈ పద్యం. కర్త కంపెనీ వారు. శ్రోత మధ్యతరగతి గృహస్థుడు. ‘ఏళ్ల తరబడి ప్రీమియం కడుతున్నాను, చిల్లిగవ్వ వెనక్కి రాలేదు. నెలనెలా అమ్మ షుగరు మందులకీ నాన్న మోకాళ్ల డాక్టరుకీ చేతి డబ్బే పోతోంది’ అని ఆయన ఏజెంటు దగ్గర వాపోయాడు. ‘దానికి వేరే యాడ్-ఆన్ ఉంది అన్నయ్యా’ అంటూ ఏజెంటు ఈ పద్యం అందుకున్నాడు. ప్రబంధమంతా వదిలేసి ఈ ఒక్క పద్యానికే వ్యాఖ్య దేనికంటే, జనం చేత సంతకం పెట్టించేది ఇదే గనక.

ప్రతిపదార్థం. పడక యెక్కక = ఆసుపత్రిలో చేరకుండా. పడకంటే ఇక్కడ మంచం కాదు, గడియారం. పాలసీ భాషలో చేరడమంటే వరుసగా 24 గంటలు ఇన్‌పేషెంటుగా ఉండటం. కంటి శుక్లాల ఆపరేషను, డయాలసిస్, కీమోథెరపీ వంటివి దీనికి అపవాదాలు. వాటిని డే-కేర్ అంటారు. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరినా మామూలు పాలసీలోనే చెల్లుతాయి. కాబట్టి నాన్నగారి కంటి ఆపరేషను కోసం ఓపీడీ కొనమన్నవాడికి పద్యం పాఠమే రాదు. జ్వరమొచ్చి క్లినిక్కు బెంచీ మీద పడుకుని సెలైను ఎక్కించుకోవడం మాత్రం ఎంతసేపు పడుకున్నా పడక యెక్కడం కాదు.

వైద్యుని = రిజిస్ట్రేషన్ నంబరు గల డాక్టరుయొక్క. అర్ధరాత్రి తలుపు తట్టినా పలికే మన ఊరి ఆర్‌ఎంపీ గారు ఈ పదంలో ఇమడరు. ఆయన చీటీ మీద సంతకం ఉంటుంది, నంబరు ఉండదు. బారిబడిన అన్న మాట కవి ఎందుకు వాడాడో సహృదయులకు చెప్పనక్కర్లేదు.

ఫీజు మందు పరీక్షల: ద్వంద్వ సమాసం. ద్వంద్వంలో అన్ని పదాలకూ సమప్రాధాన్యం అంటుంది వ్యాకరణం, కంపెనీ అనదు. కొన్ని పాలసీల్లో డాక్టరు ఫీజు ఒక్కటే వస్తుంది. కొన్నింట పరీక్షలు కూడా కలుస్తాయి. ‘మందు’కు తరచూ లోపం వస్తుంది. షుగరు, బీపీ ఉన్న ఇంట్లో అసలు ఖర్చంతా ఆ మధ్య పదానిదే కదా! డాక్టరును చూసేది మూడు నెలలకోసారి, మూడు నెలల షుగరు పరీక్షా అప్పుడే. మాత్రలు రోజూ వేసుకోవాలి. కనుక ఈ సమాసాన్ని ఏజెంటు ముందే విడగొట్టి, ఏ ముక్కకు ఎంతో రాయించుకోవాలి. పంటికీ, కళ్లజోడుకీ విడిగా అడగాలి.

యేటి హద్దుకు లోబడి = ఏడాదికి ఇంత అన్న పరిమితి లోపల. ఇక్కడ ‘నీ వాటా పోగా’ అన్న మాటను అధ్యాహారం చేసుకోవాలి. దాన్నే కో-పే అంటారు. కవి దాన్ని పద్యంలో పెట్టకుండా తొమ్మిదో పేజీకి పంపాడు.

నెట్వర్కునందలి చీటి = కంపెనీ జాబితాలోని క్లినిక్కు, ల్యాబు, మందుల షాపు ఇచ్చిన కాగితం. పాత చీటీ చూపించి తెచ్చుకున్న మాత్రలకు, బిల్లు లేకుండా కొన్న సిరప్పుకు ఈ పాదంలో చోటు లేదు.

తాత్పర్యం. ఇస్తాం, అన్నీ ఇవ్వం.

పూర్వపక్షం. ‘ఎటూ పెట్టే ఖర్చే గదా, వచ్చినంత రానీ’ అని కొందరు. సిద్ధాంతం: పదిమంది కట్టిన డబ్బు ఆపదలో పడ్డ ఒక్కరికి ఆసరా అయ్యేచోట బీమా నిలబడుతుంది. జలుబుకు, షుగరుకు పదిమందీ డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లే. అందరూ తీసుకునేదాన్ని అందరి దగ్గరా ముందే వసూలు చెయ్యక కంపెనీకి గత్యంతరం లేదు. అందుకే ఇక్కడ ప్రీమియం హద్దును ఒరుసుకుంటూ నడుస్తుంది.

మాటవరసకు హద్దు 10,000, ప్రీమియం 6,000, మన వాటా 20 శాతం అనుకుందాం. (వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి పోయింది గనక ఆ పద్దు లేదు. ఇంకా కలిపి చెప్పేవాడు పాత కాగితం చదువుతున్నట్టు.) ఏడాది బిల్లులు 9,000. అన్నీ నెట్‌వర్కులోవే అయితే వాటా 1,800 పోగా 7,200 వస్తాయి, 1,200 మిగులు. అందులో 4,000 వీధి చివరి మెడికల్ షాపువి అయితే మిగతా 5,000కు వచ్చేది 4,000. అంటే 2,000 చేతిచమురు. అన్ని గ్రహాలూ అనుకూలించి హద్దు మొత్తం పిండుకున్నా లాభం 4,000 దాటదు. ఆ ఆరువేలతో అసలు పాలసీ మొత్తాన్ని పెంచుకుంటే గుండె ఆపరేషను నాడు పనికొస్తుందని నా పక్షం. నిరుటి బిల్లులన్నీ ఒక కవరులో ఉండి, అమ్మా నాన్నా చూపించుకునే డాక్టరు జాబితాలో ఉంటే మాత్రం ఓపీడీ వాళ్లకు గిట్టుబాటే. నెలకు 21,000 లోపు జీతంతో ఈఎస్ఐలో ఉన్నవాళ్లకు ఈ పద్యంతో పనే లేదు. డిస్పెన్సరీలో డాక్టరూ మందులూ వాళ్ల హక్కు.

వాదాంతరం. ‘ఒక్కరోజు అడ్మిషన్ రాసేయండి డాక్టరు గారూ, టెస్టులన్నీ క్లెయిములో పోతాయి’ అనే సంప్రదాయం ఒకటి మనలో బలంగా ఉంది. అది అపసిద్ధాంతం. కేవలం పరీక్షల కోసం చేరితే ఇవ్వబోమని దాదాపు పాలసీలన్నింటిలో మినహాయింపు ఉంది. దాని కోడు 04. పరీక్షల డబ్బులు రాకపోగా గది అద్దె మీద పడుతుంది.

దీనికంటే మేలైన దారి మూలంలోనే, అంటే అసలు పాలసీలోనే ఉంది, ఎవరూ చదవరు. మెదక్ సీమ కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. బీమా నియంత్రణ సంస్థ 2020లో అన్ని కంపెనీలూ ఒకే వాచకంతో అమ్మాలని పెట్టిన పాలసీ ఆరోగ్య సంజీవని. దీనికి మాత్రం మల్లినాథుడు దొరకలేదు. అందులో ఆసుపత్రిలో చేరడానికి ముందు 30 రోజులు, ఇంటికొచ్చాక 60 రోజులు అదే జబ్బుకు అయిన ఫీజులూ మందులూ పరీక్షలూ కూడా ఇస్తారు, 5 శాతం వాటా పట్టుకుని. పడక యెక్కని ఖర్చే ఇదీను! డిశ్చార్జి నాడు ఫైలు బీరువాలో పడేసి ఆ 60 రోజుల బిల్లులు పారేసేవాళ్లు ఇంటికొకరు ఉంటారు.

ఛందస్సు. తేటగీతి. యతి అంటే విరామం గనక ఇక్కడ అది పాలసీ తీసుకున్న తొలి 30 రోజులు. అప్పటి జబ్బులకు, ప్రమాదాలు తప్ప, కంపెనీ పలకదు. ముందే ఉన్న జబ్బులకు యతి 36 నెలల దాకా సాగవచ్చు. ఓపీడీకి ఇది ఎలా వర్తిస్తుందో కంపెనీకో తీరు. షుగరు ఉన్నందుకే కొంటున్నవాళ్లు మొదట అడగాల్సింది ఇదే. ‘షరతులు వర్తించును’ అన్నది మకుటం. పద్యం కంటే చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పాఠాంతరం. బ్రోచరు ప్రతిలో రెండో పాదం ‘బిల్లులన్ని’ అనీ, పాలసీ పత్రం ప్రతిలో ‘బిల్లు కొన్ని’ అనీ కనిపిస్తుంది. గణాలు రెండింటికీ సరిపోతాయి, యతి కూడా చెడదు. క్లెయిము పరిష్కరించేవారికి రెండో ప్రతే ప్రమాణం. పత్రం చేతికొచ్చిన 30 రోజుల లోపు రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూసుకుని, నచ్చకపోతే కొత్త పాలసీని తిప్పి పంపవచ్చు. ఆ కొద్ది రోజుల ఖర్చులు పట్టుకుని మిగతా డబ్బు ఇచ్చేస్తారు. రెన్యువలు నాడు ఈ సౌకర్యం లేదు.